వంట ఎవరిదో డబ్బా వాళ్లది

బహ్రెయిన్‌లోని గుదైబియాలో మా గదికి వైఫై డబ్బా రాకముందు వంట వంతు అంటే అందరికీ తలనొప్పే. ఆరుగురం ఉండేవాళ్లం. అందరం జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లం, అందరిదీ సిమెంటు పనే. వంతు వచ్చిన రోజున ఒకడికి నడుము పట్టేసేది, ఇంకొకడికి ఎక్కడలేని ఓవర్‌టైం పుట్టుకొచ్చేది.

తర్వాత అందరం కలిసి ఆ డబ్బా కొన్నాం. అరచేతిలో పడుతుంది. లోపల సిమ్ము, పైన పచ్చ లైటు. గోడకు తీగ అక్కర్లేదు, జేబులో వేసుకుంటే ఇంటర్నెట్ మనతోపాటే నడిచొస్తుంది. కాకపోతే ఆరుగురూ ఒకేసారి వీడియో పెడితే ఎవరి బొమ్మా కదలదు. అందుకని మాలో పెద్దాయన తీర్పు చెప్పాడు. "వంట ఎవనిదో డబ్బా వానిది. అన్నం దించేదాంక మిగిలినోళ్లు ఫోన్లు ముట్టొద్దు." బహ్రెయిన్‌ను ఇప్పటికీ దుబాయి అనే ఆయన, కొత్తలో ఫోన్ కార్డు గీకి, బూత్ ముందు వరుసలో నిలబడి మాట్లాడినవాడు. కార్డు అయిపోతుందేమోనని ఇంటివాళ్లతో చెప్పాల్సినవి ముందే కాగితం మీద రాసుకునేవాడట. ఆయన తీర్పు దెబ్బకు మర్నాటి నుంచి వంటకు పోటీ మొదలైంది.

శుక్రవారాలు అరాద్ సముద్రం ఒడ్డుకు వెళ్లేవాళ్లం. డబ్బా ఒకడి జేబులో ఉంటే మిగతావాళ్లం కోడి వెంట పిల్లల్లా వాడి చుట్టూనే నడవాలి. వాడు చాయ్ కోసం అటు తిరిగాడా, ఇటు ఐదు సంసారాల మాటలు ఆగిపోయేవి.

వంట పోటీలో ఎక్కువసార్లు నెగ్గింది నేనే. నా అవసరం అలాంటిది. పెళ్లయిన ఇరవయ్యో రోజున విమానం ఎక్కాను. వీసా వచ్చిన సంగతి నా భార్యకు ముందురోజు సాయంత్రం దాకా చెప్పలేదు. ఆమె అరవలేదు, ఏడవలేదు, మాట్లాడటం మానేసింది. ఫోన్ చేస్తే "ఆఁ", "ఊఁ", "తిన్న", అంతే. ఆ "ఊఁ" విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు వీడియో పెట్టి, "పప్పుల చింతపండు పులుసు పోస్తున్న" అన్నాను. ఆమె ముఖం ఫోన్‌కు దగ్గరగా వచ్చింది.

"ఆగు, ఆగు! పప్పు ఉడకకముందే పులుసు పోస్తరా ఎవరన్న? ఇగ జన్మల ఉడకదది!"

నెలల తర్వాత ఆమె నాతో అన్న పెద్ద మాట అదే.

అసలు సంగతేమిటంటే, పెళ్లికి ముందు నాలుగేళ్లు నేను పెళ్లివంటల మేస్త్రి దగ్గర పనిచేశాను. వెయ్యి మందికి బగారన్నం దించిన చేయి ఇది. ఇరవై రోజుల కాపురంలో ఆ మాట రానే లేదు. ఇక నేనే రానివ్వలేదు. ఉప్పెంత, మెంతులెప్పుడు అని రోజూ ఏమీ తెలియనట్టు అడిగేవాణ్ణి. కావాలనే ఉల్లిగడ్డ మాడ్చేవాణ్ణి. గదివాళ్లు ఆ మాడు కూరలు నోరు మూసుకుని తిన్నారు. పెద్దాయన మాత్రం, "నీ సంసారం గట్టెక్కేసరికి మా కడుపులు ఖలాస్" అన్నాడు. ఆమె తిట్టేది, నవ్వేది, మధ్యమధ్యలో ఊరి ముచ్చట్లు చెప్పేది. ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది పెళ్లిపీటల మీద కాదు, ఆ పొయ్యి ముందే.

ఒక సాయంత్రం ఫోన్ పొయ్యి పక్కన ఆనించి మాట్లాడుతున్నాను. కింది అంతస్తులో ఉండే హైదరాబాద్ డ్రైవర్ తలుపు తోసుకుని వచ్చాడు. "భాయ్, శుక్రవారం దావత్, యాభై మంది. మళ్ల నువ్వే వండాలె. పోయినసారి నీ చేతి బగారా తిన్నోళ్లు ఇంక నిన్నే అడుగుతున్నరు!"

ఆమె ఒక్క క్షణం నన్నే చూసి కాల్ కట్ చేసింది. మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. దాచడానికి ఇంకేమీ లేదు కాబట్టి ఆ మూడు రోజులూ బాగానే వండాను. గదివాళ్లకు పండగ, నాకు ముద్ద దిగలేదు.

నాలుగో రోజు తనే చేసింది.

"వంట వస్తదని దాస్తే దాసినవ్. అదెందుకో నాకెరుకే. వీసా వచ్చిందని ఎందుకు దాసినవ్?"

పొయ్యి ఆపేసి, డబ్బా జేబులో వేసుకుని మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను.

"చెప్తే పోవద్దంటవని భయమైంది" అన్నాను.

"పోవద్దనే అంటుంటి" అంది.

లోపల అన్నం సగం ఉడికి ఆగింది, నేను మెట్ల మీంచి లేవలేదు. ఆమె కూడా కాల్ కట్ చేయలేదు.