కాంట్రాక్టు అయిపోతున్న ఆటగాడు

అత్లోన్ నుంచి డబ్లిన్ వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న తెలుగు కుర్రాడు ఫోన్‌లో ఎవరితోనో వాదిస్తున్నాడు. "కాంట్రాక్టు అయిపోతుంది కదరా! ఇప్పుడే వాణ్ని వేరేటోళ్లకిచ్చి, వాని బదులు ఇంకొకర్ని తెచ్చుకోవాలె. లేకుంటే ఉత్తగనే పోతడు."

నా ఉద్యోగ కాంట్రాక్టు కూడా ముగిసిపోతోంది. మేనేజర్ ఆ రోజే మాట్లాడాలని రమ్మన్నాడు. కుర్రాడు ఫోన్ పెట్టేశాక, ఎవరి గురించని అడిగాను.

"బాస్కెట్‌బాల్ స్టార్ అన్నా," అని నవ్వాడు.

"మరి అతని గతేంటి?"

"వానికేంది? పరేషానంతా టీమ్‌కే. కాంట్రాక్టు అయిపోతే వాడు నచ్చిన కాడికి పోతడు, టీమ్‌కేం మిగలదు."

మధ్యాహ్నం మేనేజర్ కాంట్రాక్టు పొడిగించడం లేదని ఇబ్బందిపడుతూ చెప్పాడు. సరేనన్నాను. విచిత్రంగా, గుండె మీది బరువు దిగినట్టయింది. బయటికొచ్చి నా భార్యకు ఫోన్ చేశాను.

"ఏమన్నారు?" అంది.

"నీకే ఊరు ఇష్టమో చెప్పు. అక్కడే ఉద్యోగం వెతుకుతాను," అన్నాను.