ముఐథర్ గుమ్మానికి కట్టిన కాగితపు తెర

ఆ ఏడాది రంజాన్ నెల మార్చిలో వచ్చింది. అప్పుడు నేను దోహాలో, అబూ హమూర్ దగ్గర ఒక అలంకరణల కంపెనీ వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. కార్డు మీద నా హోదా ‘కట్టర్’. నా పైన సూపర్‌వైజరు, ఆయన పైన డిజైనరు, అందరి పైనా మేనేజరు. నా కింద ఉన్నది ఒక్క కుర్చీ. నవ్వకుండా రాయవే హారికా, కుర్చీ మాట కూడా రాయి. (నేను చెబుతుంటే నా మనవరాలు హారిక రాస్తోంది. ఇన్నేళ్ళు కత్తి పట్టిన వేళ్ళు ఇప్పుడు పెన్ను పట్టమంటే మొరాయిస్తున్నాయి.)

కాగితం కోసే ఉద్యోగం ఏమిటని చాలామంది అడుగుతారు. పెళ్ళి వేదికల వెనక తెరలు, దీపాల చుట్టూ వలలాంటి జాలీలు, మిఠాయి పెట్టెల మీద లతలు, అన్నీ కాగితంలోంచి కోసి తీసినవే. మా నాన్న మచిలీపట్నంలో పెళ్ళి పందిళ్ళకూ వినాయక చవితికీ పీర్ల పండక్కీ రంగుకాగితాలు కోసేవాడు. పువ్వుకూ పువ్వుకూ మధ్య కోయకుండా వదిలే సన్నటి ముక్కను ఆయన ‘కాడ’ అనేవాడు. మా పనంతా ఆ కాడల్లోనే ఉంది. అవి సరిగా ఉంటే ఎంత పెద్ద తెరైనా జిగురు చుక్క లేకుండా ఒకే కాగితంగా నిలుస్తుంది. ఒక కాడ తెగితే పక్కదాని మీద బరువు పడుతుంది, ఆ తర్వాత దాని పక్కదాని మీద.

నా రోజు ఇలా గడిచేది. పొద్దున్నే కంపెనీ వ్యాను దించాక టీ తాగి, చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా ఆగేదాన్ని. ఏసీ గాలి నేరుగా బల్ల మీద కొట్టకుండా ఒక అట్ట అడ్డం పెట్టుకునేదాన్ని. లేకపోతే కాగితం కొసలు అప్పడంలా లేస్తాయి. బొమ్మను కాగితం వెనకవైపు, తిరగేసి గీస్తాం. అప్పుడు ముందువైపు పెన్సిల్ జాడ ఉండదు. కోత నడిమినుంచి అంచులకు రావాలి. చిన్న కన్నాలు ముందు, పెద్దవి తర్వాత. పెద్దవి ముందే తీసేస్తే కాగితం బలం పోయి కత్తి వెంట వచ్చేస్తుంది. వంపు తిరిగే చోట చెయ్యి కదపం, కాగితాన్నే తిప్పుతాం. అన్నం తిన్న తర్వాత సన్న పని ముట్టుకునేదాన్ని కాదు. ఆ వేళకు తిన్నని గీతల అంచులు, చదరాలు చాలు.

ఆ చలికాలంలో కంపెనీ ఒక లేజర్ మిషను కొన్నది. నేను పొద్దంతా కోసేది అది ఒక టీ తాగేలోపు కోసేది. నాకు దాని మీద కోపం లేదు. చక్కగా కోసేది, అలిగేది కాదు. కానీ మిషను ఉండగా చేతిపని బల్ల ఎందుకని మేనేజరు అడిగారు. మా సూపర్‌వైజరు సుధాకర్‌ది కరీంనగర్. నా కొడుకు వయసు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి తల గోక్కుంటూ చెప్పాడు.

“అమ్మా, ముఐథర్‌ల ఒక పెద్దింటోళ్ళు గరంగావోకు తెర అడుగుతున్నరు. మిషన్‌ది వద్దట, చేతితోనే కావాల్నట. గిది మంచిగైతే నీ బల్ల ఉంటది. ఫోటో మేనేజర్‌కు చూపెట్టాలె. కాకపోతే నిన్ను ప్యాకింగుల వేస్తరట.”

గరంగావో అంటే రంజాన్ నెల నడిమధ్య వచ్చే పిల్లల పండగ. ఇఫ్తార్ అయ్యాక పిల్లలు మెడలో సంచులు వేసుకుని, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటివాళ్ళు బాదం, పిస్తా, మిఠాయిలు దోసిళ్ళతో పోస్తారు. ఇంతవరకు నాకు తెలుసు. ఆ పండగ పెట్టెలు ఎన్నో కోశాను. అయితే ఆ సాయంత్రం ఆ గుమ్మాల దగ్గర ఎప్పుడూ నిలబడలేదు. డిజైనరుదీ అదే సంగతి.

ప్యాకింగు అంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా టేపు చించడం. ఆ భయం కొంత, పని మీద ఇష్టం కొంత, రెండూ కలిసి ఆ తెరను నేను చాలా ముద్దుగా కోశాను. గుమ్మమంత వెడల్పు మందపాటి తెల్ల కాగితం. పైన నెలవంకలు, నడుమ లాంతర్లు, ముత్యాలు ఏరేవాళ్ళ పడవలు, డోళ్ళు. కింది అంచున మా నాన్న చేతి జాలీ, దాని నుంచి గుత్తులుగా వేలాడే బాదంకాయలు. అంతా ఒకే కాగితం. వర్క్‌షాపులో ఎత్తి పట్టుకుంటే మిషను నడిపే కుర్రాడు కూడా వచ్చి నిలబడి చూశాడు.

పండగ రోజు మధ్యాహ్నం ముఐథర్ వెళ్ళాం. ఆ ఇంటి డ్రైవరు ఓబులేసు మనవాడే, కడప వైపు మనిషి. గుమ్మానికి అటూ ఇటూ కర్రలు నిలబెట్టి తెర కడుతుంటే నిచ్చెన అతనే పట్టుకున్నాడు.

“శానా బాగుండాదిమ్మా. మా ఊర్లో పందిరి ఏసినట్లుండాది. అయినా ఇంత కిందికి ఎందుకు ఏలాడదీసినావు?” అన్నాడు.

“అందం కోసం నాయనా,” అన్నాను.

అతను ఏదో అనబోయాడు. ఇంతలో లోపలినుంచి ‘యల్లా’ అని తొందరపెట్టే పిలుపు వస్తే వెళ్ళిపోయాడు. ఇంటి పెద్దావిడ ఇఫ్తార్ ముగించుకుని వచ్చి చూశాక ఫోటో తీయాలని సుధాకర్ ఏర్పాటు. కంపెనీలో అదే పద్ధతి. ఇంటివాళ్ళు ఒప్పుకున్న తర్వాతే ఫోటో, ఆ తర్వాతే పని పూర్తయినట్టు లెక్క.

చీకటి పడగానే, పెద్దావిడ కన్నా ముందు పిల్లలు వచ్చారు. బంగారు దారం కుట్టిన నల్ల ముసుగుల్లో ఆడపిల్లలు, పాదాల దాకా దిగే చిన్న చిన్న తెల్ల తోబుల్లో మగపిల్లలు, చేతుల్లో డప్పులు. ముందున్న చిన్నపిల్ల మునివేళ్ళ మీద నిలబడి ఒక బాదంకాయను పుటుక్కున తెంపింది. నా వైపు చూసి ‘షుక్రన్’ అని ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పి సంచిలో వేసుకుంది.

“లా, లా, వద్దే అమ్మడూ!” అని నేను తెలుగూ అరబ్బీ కలిపి అరిచేలోపే మిగతావాళ్ళు అందుకున్నారు. బాదంకాయలు పోయాయి. జాలీ పోయింది. కాడలు ఒకదాని వెంట ఒకటి తెగుతుంటే లాంతర్లు కిందికి జారాయి. అందినవాళ్ళు లాంతర్లు పట్టుకుపోయారు. ఒకడు మొత్తం పడవను నెత్తి మీద పెట్టుకుని పరిగెత్తాడు.

“ఏమైంది అమ్మా గిట్ల? ఫోటో తియ్యకముందే ఖతం చేసిన్రు! మేనేజర్‌కు ఏం చూపెట్టాలె, కర్రలా?” అని సుధాకర్ నెత్తి పట్టుకున్నాడు.

ఓబులేసు పరుగున వచ్చాడు. వస్తూనే నవ్వాడు. “నేను అప్పుడే చెప్దామనుకుంటిమ్మా. ఈ పొద్దు గుమ్మంలో చెయ్యందే ఎత్తులో ఉండేదంతా పిల్లోళ్ళదే. వాళ్ళకు నువ్వు కట్టింది తెర కాదు, కాయలు కాసిన చెట్టు!”

చిరుగు పడితే వెనకనుంచి సన్నటి కాగితపు పేలిక అతికించడం మా పద్ధతి. దానికి కావలసిన సరంజామా నా సంచిలో ఉంది. కానీ అతికించడానికి తెర ఏదీ? నెలవంకలు మాత్రం పైన వేలాడుతున్నాయి. ప్యాకింగు టేపు చప్పుడు అప్పుడే చెవిలో మొదలైంది.

అప్పుడు ఒక బుడ్డోడు కర్రల మధ్య నిలబడి పెదవి విరిచాడు. అందరికీ దొరికింది, వాడికి చెయ్యి అందలేదు. ఏడుపు మొదలుపెట్టకముందే నేను మెట్టు మీద కూర్చుని, సంచిలోని తుక్కు కాగితం ఒకటి మడిచి, కత్తెరతో పడవ కోసి విప్పి ఇచ్చాను. మా నాన్న ఇంట్లో మాకు కోసిచ్చేవాడే అలాంటివి. వాడు దాన్ని చూసి, నన్ను చూసి, వెనక్కి తిరిగి వీధంతా వినపడేలా కేక పెట్టాడు.

అంతే, నా ముందు వరస కట్టారు. ఓబులేసు నా పక్కన గొంతుకూర్చుని అరబ్బీని తెలుగులోకి దించుతున్నాడు. “ఈ పాపకు పిల్లి. ఈడికి డేగ. ఈడికేమో ల్యాండ్‌క్రూజరంట, చక్రాలు నాలుగూ కనపడాలంట!” మడిచి కోస్తే ముందూ వెనకా ఒకేలా వస్తుంది కదా. ఆ బండికి రెండువైపులా డ్రైవరు సీటు వచ్చింది. వాడికి అదే నచ్చింది.

ఈ సందడికి పెద్దావిడ చేతికర్ర పట్టుకుని బయటికి వచ్చింది. ఖాళీ కర్రలు చూసింది, పిల్లల్ని చూసింది, నన్ను చూసింది. సుధాకర్ సంజాయిషీ చెప్పబోతే చేత్తో ఆపింది. కుర్చీ తెప్పించుకుని నా పక్కనే కూర్చుంది. కాసేపయ్యాక ఓబులేసు చెవిలో ఏదో చెప్పింది.

“ముసలామెకు మేకపోతు కావాలంటమ్మా,” అన్నాడు. “చిన్నప్పుడు పెంచుకున్నిందంట.”

కోసిచ్చాను. దూరంగా పెట్టి చూసి, ‘లా’ అని తిరిగి నా చేతిలో పెట్టింది. కొమ్ములు ఇంకా మెలి తిరగాలట. రెండోది కోశాను. గడ్డం లేదంది. మూడోది తీసుకుని, పిల్లల్లాగే తన చేతిసంచిలో వేసుకుని, నా ఒళ్ళో ఒక దోసెడు పిస్తాలు పోసింది. సుధాకర్ ఫోటో మానేసి ఇదంతా ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

అక్కడ పని వారం మొదలయ్యే ఆదివారం నాడు ఆ వీడియో మేనేజరుకు చూపించారు. ఆయన ఏమన్నారో నాకు తెలీదు. వారం తిరగకుండా నా బల్ల మాత్రం వర్క్‌షాపులోంచి వెళ్ళిపోయింది. ఆ చోట మిషనుకు రెండో టేబులు పడింది. నేను టేపు చించడానికి సిద్ధపడి వచ్చేసరికి సుధాకర్ వ్యాను తలుపు తీసి చూపించాడు. లోపల ఒక మడత బల్ల, దాని మీద నా అట్ట, నా కత్తెరలు.

“ఇగ నీ డ్యూటీ బయటనే అమ్మా. తెరలు మిషన్ కోస్తది. పిల్లలున్న కాడికి నువ్వు పోతవు. ముఐథర్ ముసలమ్మ వచ్చే ఏడుకు ఇప్పుడే చెప్పింది. మళ్ళ మేకలేనట!”

రిటైరయ్యేదాకా అదే బల్ల మీద పనిచేశాను. కార్డు మీద హోదా మాత్రం మారలేదు.

ఆ పండగ తర్వాత ఏ పని ఒప్పుకున్నా, పెన్సిల్ తీసేముందు ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను. ఇది చూడ్డానికా, తీసుకెళ్ళడానికా అని. చూడ్డానికైతే కాడలు మందంగా వదిలి, చెయ్యి అందని ఎత్తులో కట్టాలి. తీసుకెళ్ళడానికైతే ఒక్కో బొమ్మకూ ఒక్కటే కాడ, అదీ దారమంత సన్నగా, చిన్నపిల్ల వేలికి తేలిగ్గా తెగేలా వదలాలి. కోసే చెయ్యి ఒకటే. కాడ మందమే వేరు.