దివ్య సముఖమునకు ఒకటిన్నర పేజీ

కొందరికి బల్లిని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. నాకు "విన్నవించుకొనునది ఏమనగా" అన్న మాట చూస్తే అట్లా అవుతుంది. ఏ కాగితం మీద కనబడినా నోట్లో చేదు ఊరుతుంది. ఎవరో రాశారని కాదు. పదకొండేళ్ళు నేనే రాశాను. రోజుకు ఇన్నిసార్లని లెక్క లేకుండా, గుండ్రటి అక్షరాలతో, నా తెలుగు చూసి నేనే మురిసిపోతూ రాశాను. ఛీ!

అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బడి మూతపడింది. మెదక్‌లో ఆఫీసులున్న వీధిలో మా మరిదికి జిరాక్స్ షాపు ఉంది. "ఇంట్ల కూసొని ఏం చేస్తవ్ వదినా, నీకు తెలుగు మస్తు వస్తది గద, దరఖాస్తులు రాయి" అని మిషన్ పక్కనే ఒక బల్ల వేసి ఇచ్చాడు. సోమవారం దరఖాస్తులు తీసుకునే రోజు. పొద్దున్నే శివ్వంపేట నుంచీ ఎల్దుర్తి నుంచీ వచ్చినవాళ్ళు బస్సు దిగి నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. "మేడం రాస్తే ఆఫీసర్ కండ్లల్ల నీళ్ళు తిరగాలె" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ మాట విని పొంగిపోయేదాన్ని. ఏ ఆఫీసరు కళ్ళల్లోనైనా నీళ్ళు తిరిగాయా అని ఒక్కరోజు కూడా అడగలేదు.

పొట్టిగా రాస్తే జనం ఒప్పుకునేవారు కాదు. అదీ నిజమే. రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించమని నాలుగు లైన్లు రాసి ఇస్తే, ఆ మామ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గింతేనా మేడం? ఎనక దిక్కు ఖాళీగనే ఉన్నది గద, జర రాయుండ్రి" అన్నాడు. ఖాళీ వదిలితే తమను తక్కువ చేసినట్టు. సరే అని నింపేదాన్ని. "నిరుపేద కుటుంబమునకు చెందినవాడనై", "తమరి దయాదాక్షిణ్యములపైననే ఆధారపడి", "తమరే తల్లియు తండ్రియు" అని ఎత్తుకుంటే పేజీ ఇట్టే నిండేది. దానికితోడు "ప్రాణాపాయము పొంచియున్నది" అన్న మాట ఒకటి దొరికింది నాకు. మొదటిసారి నిజంగానే గోడ కూలబోతున్న ఇంటికి రాశాను. అది చూసి వెనకాల నిలబడ్డతను "నాకు గూడ గా మాట పెట్టుండ్రి" అన్నాడు. అతని పని మీటరు మీద తండ్రి పేరు తీసి తన పేరు పెట్టించుకోవడం. పెట్టాను! మీటరు పేరుకు ప్రాణాపాయం. మురికికాలువకు ప్రాణాపాయం, కులం సర్టిఫికెట్టుకూ ప్రాణాపాయమే. సిగ్గూ శరం లేకుండా అందరికీ పంచిపెట్టాను, గుడి ముందు పులిహోర పంచినట్టు.

నాట్ల రోజులు. ఒక సోమవారం హవేలిఘనపూర్ దిక్కు ఊరి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళ కింద దాకా బురద ఎండి ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, బల్లకు ఆనుకుని నిలబడి గబగబా చెప్పేసింది.

"రాసుకో బిడ్డా. మొన్నటి గాలివానకు మా పొలంకాడ కరెంటు స్తంభం ఒరిగింది. తీగ ఒడ్డు మీద నా రొమ్ము దాంక యాలాడుతుంది. గురువారం మాకు నాట్లు. తొమ్మిది మంది ఆడోళ్ళు బురదల దిగుతరు. నా మనుమరాలు బడికి పోవుడు గూడ గా ఒడ్డు మీదికెళ్ళే. పొద్దుగాల, పొద్దుమీకి నేనే ఆడ కావలుంటున్న. గురువారం లోపట వచ్చి తీగ పైకి గుంజుమను. పొలం ఏడ అంటె, వడ్ల మిల్లు దాటినంక ఎడమచేతికి రెండో బోరు."

పాత లైన్‌మన్ బదిలీ అయి వెళ్ళాడట. కొత్తాయన ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. కరెంటు ఆఫీసులో కాగితం పెట్టమని ఎవరో చెబితే వచ్చింది.

ఇప్పుడు ఆ మాటలు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అందులో లేనిదేముంది? ఏమైంది, ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎవరికి ప్రమాదం, ఎప్పటిలోగా రావాలి, అన్నీ ఉన్నాయి. చెప్పింది చెప్పినట్టు రాసి కింద వేలిముద్ర వేయిస్తే అయిపోయేది. నేనేమన్నానో తెలుసా?

"గట్ల రాస్తె ఎవరు పట్టించుకుంటరు పెద్దమ్మా? నువ్వు జర ఊకో. నేను రాస్త గద."

మొదలుపెట్టాను. "గౌరవనీయులైన అధికారి వారి దివ్య సముఖమునకు, దిగువ వేలిముద్ర వేయునది సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా..." పేజీ సగం దాకా ఆవిడ పేదరికమే. తరతరాలుగా భూమాతను నమ్ముకున్న సంగతి ఒక పేరా. "రొమ్ము దాంక" అన్న మాట దగ్గర కలం ఆగింది. ఆఫీసరుకు పెట్టే కాగితంలో అదేం మాట, ఏమనుకుంటారు, పాడు అనిపించింది. "ప్రమాదకర స్థితిలో" అని మార్చాను. గురువారం నాట్లు "వ్యవసాయ పనులకు తీవ్ర ఆటంకము" అయ్యాయి. తొమ్మిది మంది ఆడవాళ్ళు "కూలీలు మున్నగువారు" అయ్యారు. మనుమరాలు ఎటు పోయిందో నాకే తెలియదు, ఆ పిల్లను పూర్తిగా తీసేశాను. వడ్ల మిల్లు, రెండో బోరు మరీ నాటుగా ఉన్నాయని "మా గ్రామ శివారులో" అన్నాను. చివర నా అలవాటు మాట ఉండనే ఉంది, ప్రాణాపాయము పొంచియున్నది. మొత్తం ఒకటిన్నర పేజీ. చదివి వినిపించాను. పెద్దమ్మ కళ్ళార్పకుండా విన్నది. సగం అర్థమై ఉండదు. అయినా చేతులు జోడించి, "ఎంత మంచిగ రాసినవ్ బిడ్డా. ఇగ వస్తరు, తప్పక వస్తరు" అంది. నాకు కడుపు నిండిపోయింది.

బుధవారం పొద్దున మళ్ళీ వచ్చింది. "ఎవలు రాలే బిడ్డా. రేపే నాట్లు" అంది. ముఖం పీక్కుపోయి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ కోసం కాదు, దాచుకోవడం దేనికి, నా కాగితం కోసం. నేను రాసిన కాగితాన్ని పక్కన పడేస్తారా! "నడువ్ పెద్దమ్మా, అడుగుదాం" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆఫీసు మెట్లెక్కుతూ నాలుగు మాటలు గట్టిగా అనడానికి తయారై ఉన్నాను.

అక్కడున్నది చిన్నవయసు ఇంజనీరు. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. నేను గొంతు పెంచినా ఏమీ అనకుండా ఫైలు తెప్పించి, ఆ సోమవారం వచ్చిన కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. చూస్తే సగానికి సగం నా చేతిరాతే.

"మేడం, ఇవన్ని మీరు రాసినవేనా?"

"అవును" అన్నాను, గర్వంగానే.

ఒకటి తీసి చదివాడు. మీటరు పేరు మార్పు, ప్రాణాపాయం. ఇంకొకటి తీశాడు. బిల్లు వేరే ఇంటికి పోతోంది, ప్రాణాపాయం. మరొకటి, కొత్త కనెక్షన్ ఆలస్యం, అదీ ప్రాణాపాయమే. ఎగతాళిగా కూడా చదవలేదు. చదవాల్సిన మనిషి చదివినట్టే, అలసటగా చదివాడు.

"అన్నిట్ల గదే మాట ఉన్నది మేడం. ఇందుల ఎవరికి నిజంగ ప్రాణాపాయమో నేనెట్ల తెలుసుకోవాలె? వరుసగ మనుషులను పంపిస్తున్న. ఈ పెద్దమ్మ వంతు శుక్రవారం నాటికి వస్తది."

తరువాత పెద్దమ్మ కాగితం చేతిలోకి తీసుకుని మొదటి పేజీ మొత్తం చదివాడు, తిప్పి రెండోది చదివాడు. తలెత్తి నన్ను కాదు, ఆవిడనే అడిగాడు. "అమ్మా, అసలు ఏమైంది? నువ్వు చెప్పు."

ఆవిడ తన రొమ్ము మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది. "గింత ఎత్తుల ఉంది సారూ, తీగ. రేపు తొమ్మిది మంది ఆడోళ్ళు దిగుతరు. మిల్లు దాటినంక రెండో బోరు."

అంతే. అతను కుర్చీలోంచి లేచి నిలబడే ఫోన్ చేశాడు. ఆ లైన్‌కు కరెంటు ఆపించాడు. ఇద్దరు మనుషులను నిచ్చెనతో వెంటనే బయల్దేరమన్నాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అతను ఫోన్ పెట్టేసేదాకా టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.  బల్ల మీద పరిచి ఉన్న నా చేతిరాతను చూస్తుంటే, నేను కక్కినదాన్నే నా ముందు పెట్టి చూపిస్తున్నట్టు అసహ్యం వేసింది.

షాపుకు తిరిగి వెళ్ళబుద్ధి కాలేదు. పెద్దమ్మతోనే ఆటో ఎక్కాను. మిల్లు దాటగానే కనబడింది. పచ్చటి నారుమడుల మీదుగా బారుగా వంగిన తీగ, దాని మధ్యలో వేలాడుతున్న ఎర్రటి గుడ్డ. ఆటో డ్రైవర్ కూడా రోడ్డు మీది నుంచే చూసి, "అమ్మో, ఆడేదో డేంజరున్నట్టుంది" అన్నాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే అతనికి తెలిసిపోయింది.

లైన్‌మన్ మాకంటే ముందే వచ్చి గట్టు మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే అరిచాడు.

"గీ గుడ్డ ఎవలు కట్టిన్రు?"

"నేనే" అంది పెద్దమ్మ. "నిన్న పొద్దుమీకి. ఎండిన కట్టె కొసకు గుడ్డ పెట్టి తీగ మీదికి ఏసిన."

"నీకేమన్న పిచ్చా ముసల్దానా? కట్టెకు జరంత తడి ఉంటె బొగ్గయిపోతుంటివి! కింద చూడు, గా నీళ్ళల్ల నిలబడి ఏసినవ్! ఎవల కోసమని చావనీకి పోయినవ్?"

 లైన్‌మన్ తిట్టుకుంటూనే నిచ్చెన ఎక్కాడు. ఇంకొకతను కింద తాడు పట్టుకున్నాడు. తీగ కొంచెం కొంచెంగా పైకి లేస్తుంటే పెద్దమ్మా నేనూ గట్టు మీద నిలబడి చూస్తున్నాం. నా చెప్పులు బురదలో దిగబడ్డాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"భయం కాలేదా పెద్దమ్మా?"

"ఎందుకు కాదు? అయినా ఏసిన."

"మరి నాకు ఇంకొక్క మాట చెప్తే నేను మళ్ళ..." మళ్ళీ ఏం చేసేదాన్ని? ఇంకో ఒకటిన్నర పేజీ రాసేదాన్ని. మాట మధ్యలోనే మింగేశాను.

నేను నొచ్చుకున్నాననుకుంది ఆవిడ. నా భుజం మీద చెయ్యి వేసింది. బురద చెయ్యి, బరువుగా ఉంది. ఓదార్పుగా చెప్పింది.

"నీ తప్పేం లేదు బిడ్డా. నువ్వు మస్తు మంచిగ రాసినవ్. గంత మంచిగ రాసినంక ఇగ వస్తరనే అనుకున్న. గా ధీమాతోని నిన్న కావలి పోలే, నారు పీకనీకి పోయిన. నేను లేనిది చూసి పిల్ల బడికి పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి, ఆడుకుంట తీగ కిందికెళ్ళే వంగి పోయిందంట. గది ఇన్నంకనే గుడ్డ కట్టిన."