క్లచ్ లేని బండి

మా పికప్ బండికి మూడో పెడలు లేదు. ఈ సంగతి ఏలూరులో సగం మందికి నేనే స్వయంగా చూపించి ఉంటాను. పెట్రోలు బంకులో, పంక్చరు కొట్టు దగ్గర, రైల్వే గేటు పడ్డప్పుడు, ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు లోపలికి తొంగి చూసి కంగారు పడేవారు. "అమ్మా, క్లచ్చి పెడలు ఊడిపోయిందండీ, చూసుకున్నారా?" అనేవారు. ఊడిపోలేదని, అసలు పెట్టనే లేదని చెబితే నమ్మేవారు కాదు. ఒకాయన కాళ్ళ కింద చాప ఎత్తి మరీ వెతికాడు.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. అది నాతోపాటు ఎక్కడికైనా వస్తుంది గాని, పని చెబితే మాత్రం చెయ్యదు. క్లచ్ తొక్కడం దానివల్ల కాదు. అందుకని ముప్పయ్యేళ్ళు దగ్గరపడేదాకా నన్ను ఎక్కడికైనా ఎవరో ఒకరు తీసుకెళ్ళాల్సిందే. తీసుకెళ్ళేవాళ్ళందరూ మంచివాళ్ళే. అదే నా బాధ. మంచివాళ్ళ మీద విసుక్కోవడానికి ఉండదు. బజార్లో ఇంకాసేపు తిరగాలనిపించినా వాళ్ళ ముఖం చూసి "సరే, పదండి" అనాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాన్నగారు ఈ బండి కొన్నారు. సముద్రం వైపు చమురు బావులు తవ్వడానికి వచ్చిన ఒక విదేశీ కాంట్రాక్టరు పని ముగించుకుని వెళ్ళిపోతూ సామాను వేలం వేశాడట. అందులో ఇదొకటి. అప్పటికే పాతది. గేర్లు మనం వెయ్యక్కర్లేదు, అవే పడతాయి. నాన్నగారికి కొల్లేరు పక్కన చేపల చెరువులుండేవి. సర్కారు గీసిన కాంటూరు గీతకి లోపల చెరువు తవ్వితే నేరం. "మావి కాంటూరుకి బయటేనండీ" అని ఎవరూ అడక్కముందే చెప్పేవారు. చావు పలకరింపుకి వెళ్ళినా ముందు ఆ మాట చెప్పి, తరవాతే పోయినవారి గురించి మాట్లాడేవారు. బండి ఎందుకు కొన్నారంటే, "వేలంలో చవగ్గా వచ్చిందండీ" అనేవారు. నేనూ అదే నమ్మాను.

నాన్నగారికి మాత్రం అది లొంగలేదు. జీపులు, లారీలు నడిపిన మనిషి. ఆయన ఎడమకాలు అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెతికి, అక్కడ దొరికిన వెడల్పాటి బ్రేకుని శక్తికొద్దీ తొక్కేసేది. అలా తొక్కినప్పుడల్లా అమ్మ నుదురు అద్దానికి తగిలేది. మూడోసారికి అమ్మ దిగి, రోడ్డు మీదే నిలబడి, "ఇహ ఈ బండిలో మీరు నడిపితే నేను ఎక్కను" అంది. అప్పుడు నాన్నగారు బండిని చెరువు గట్టు మీదికి తెచ్చి, నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి నేర్పించారు. నా ఎడమకాలికి ఏ అలవాటూ లేదు కాబట్టి అది బుద్ధిగా ఒక మూల కూర్చుంది. వారం తిరక్కుండా నేను చేపల మేతకి తవుడు బస్తాలు వేసుకుని ఏలూరు నుంచి చెరువుల దాకా ఒక్కదాన్నే వెళ్ళి వచ్చాను. దారిలో ఏ అవసరమూ లేకుండా ఒకచోట ఆగి, జామకాయ కొనుక్కుని, బండిలో కూర్చుని తీరిగ్గా తిన్నాను. నన్ను తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆ జామకాయ రుచి నేనిప్పటికీ మరిచిపోలేదు.

వారమంతా చేపలు మోసే బండిలోనే ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం. అందుకని శనివారం సాయంత్రం నాన్నగారి కార్యక్రమం ఒకటుండేది. చెరువుల నుంచి నేను తెచ్చిన బండిని తెచ్చినట్టే కాలవ రేవులోకి దింపించేవారు. లారీలు, ట్రాక్టర్లు, గేదెలు అన్నీ అక్కడే స్నానం చేసేవి. నేను చక్రాలు మునిగేదాకా దింపి, స్టీరింగు దగ్గరే కూర్చునేదాన్ని. ఆయన లుంగీ ఎగ్గట్టి, కొబ్బరిపీచుతో బండి పొట్ట కిందంతా తోమేవారు. "ప్రభువు జాలర్లనే పిలిచాడు గాని, వాసనతో రమ్మన్లేదమ్మా" అనేవారు. ఆయనకి వారంలో అంత సంతోషంగా గడిచే గంట మరొకటి ఉండేది కాదనుకుంటాను.

అలా రెండు మూడేళ్ళు బాగానే గడిచాయి. తరవాత ఒకరోజు గట్టు మీద బస్తాలు దించి బయల్దేరబోతే బండి కదల్లేదు. ముందుకి వెళ్ళే గేరులో పెట్టి తొక్కితే ఇంజను ఊరంతా వినబడేలా అరిచింది, చక్రాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంతకుముందు వారం నుంచే గేరు పడ్డానికి కాస్త ఆలోచించుకుంటోంది. పాతబడింది కదా, ఆలోచించుకోనీ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచన కూడా మానేసింది. ఏం చేయాలో తోచక రివర్సులో పెట్టాను. ఠక్కున వెనక్కి పరిగెత్తింది.

గట్టు మీద బండి తిప్పడానికి చోటు లేదు. అందుకని తారురోడ్డు దాకా వెనక్కే నడిపాను. నాన్నగారు బండి వెనక నడుస్తూ, లారీ క్లీనరులాగా చేతులు ఊపుతూ, "రానీ, రానీ, కుడికి! నా కుడి కాదమ్మా, నీ కుడి! అయ్యో, నీది కూడా కాదు!" అని అరుస్తున్నారు. ఒకవైపు మా చెరువు, ఇంకోవైపు పక్కవాళ్ళ చెరువు. ఎవరి చేపల్లో పడతానో తెలియదు. గడ్డిమోపుతో ఎదురొచ్చిన ఒకావిడ పక్కకి తప్పుకుని, చాలా మర్యాదగా, "ఏవండీ, పాపగారికి ముందుకి నడపటం ఇంకా నేర్పలేదాండీ?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్నగారు మాత్రం, "నేర్పేవండీ, బండే మరిచిపోయింది" అన్నారు.

అక్కణ్ణించి ట్రాక్టరుకి కట్టి ఇంటికి లాక్కొచ్చాక రోగనిర్ధారణ మొదలైంది. ఎదురింటి బాబాయిగారు డీజిల్లో కల్తీ అన్నారు. అప్పుడు మరి వెనక్కెలా వెళ్తోందండీ అంటే, వెనక్కి వెళ్ళడానికి అంత డీజిలు అక్కర్లేదన్నారు. అమ్మ పాస్టరుగారిని పిలిపించి బానెట్టు మీద చెయ్యి వేయించి ప్రార్థన చేయించింది. ఆయన కళ్ళు మూసుకుని చక్రాల కోసం, ఇరుసు కోసం విడివిడిగా వేడుకున్నారు. గేరుబాక్సు ఎక్కడుంటుందో ఆయనకి తెలియదు కాబట్టి దాన్ని మాత్రం వదిలేశారు. మా వీధి మెకానిక్కు గేరుబాక్సు ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి, "నిండుగా ఉందండీ" అన్నాడు. నేను చూశాను. గులాబీ రంగులో చిక్కగా ఉంది. ఇలాగే ఉంటుందా అని అడిగితే, "ఫారిన్ ఆయిలు కదండీ, వాళ్ళవన్నీ అలా అందంగానే ఉంటాయండీ" అని పుల్లని భక్తిగా తుడిచి లోపల పెట్టేశాడు. ఆ మాటకి మేమూ తలూపాం. విదేశీ వస్తువు మీద మాకు అంత నమ్మకం. పెరట్లో బావినీళ్ళు రంగు మారితే ఊరుకుంటామా?

చివరికి ఖాళీ లారీ మీద ఎక్కించి తాడేపల్లిగూడెం తీసుకెళ్ళాం. అక్కడ లారీ గేరుబాక్సులకి పేరున్న మేస్త్రీగారు ఒకాయన ఉండేవారు. పెద్ద మనిషి, నెమ్మదస్తుడు. బండి చుట్టూ తిరిగి, కిందకి దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకుని తీర్పు చెప్పారు.

"దీని జోలికెళ్ళొద్దండీ. ఇది మనవాళ్ళకి తెలిసిన సరుకు కాదు. పీకేసి జీపు గేరుబాక్సు కూర్చోబెట్టేద్దాం. క్లచ్చి పెడలు కూడా నేనే పెట్టిస్తానండీ. అప్పుడు ఏ డ్రైవరైనా నడుపుకుంటాడు."

ఏ డ్రైవరైనా! నేను ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాను, చేతికర్రతో సహా. ఆయనకి తట్టలేదు. నాన్నగారు నా వైపు చూడకుండా, "ఆలోచించుకుని చెబుతావండీ" అన్నారు. మేతకి, చేపలకి బండి లేకపోతే ఒక్కరోజు గడవదు. నాన్నగారు ఒప్పుకుంటే తప్పు పట్టడానికి లేదు. ఒప్పుకున్న రోజున నేను మళ్ళీ మంచివాళ్ళ వెనక సీట్లోకి వెళ్ళిపోతాను. బండిని అక్కడే వదిలి ఏలూరు బస్సెక్కాం.

మర్నాడు పొద్దున్నే పవర్‌పేటలో నెట్ సెంటరుకి వెళ్ళాను. చుట్టూ కాలేజీ పిల్లలు ఎవరితోనో కబుర్లు రాసుకుంటూ కిసుక్కుమంటుంటే, నేను గేరుబాక్సుల గురించి వెతుకుతున్నాను. నా పక్కనున్న అమ్మాయి నా తెర మీద కోసిపెట్టిన గేరుబాక్సు బొమ్మ చూసి జాలిపడి కుర్చీ కాస్త జరుపుకుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో పాత పికప్పులున్నవాళ్ళు ఒకచోట చేరి తమ కష్టాలు చెప్పుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయన రాశాడు: ఆ ఆయిలు ఎర్రగా, అవతలి వేలు కనబడేంత తేటగా ఉండాలి. పాలు కలిపినట్టు గులాబీ రంగుకి తిరిగిందంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయని అర్థం.

మా ఆయిలు అచ్చం రోజ్ మిల్కులా ఉంది. నీళ్ళు ఎక్కడివో కూడా ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎండలో పరిగెత్తి కాగిపోయిన గేరుబాక్సుని తెచ్చి చల్లటి కాలవలో దింపుతున్నాం. లోపలి గాలి చల్లబడి ముడుచుకుపోతుంది. గాలి ఆడటానికి పైన పెట్టిన సన్నటి గొట్టం నీళ్ళు పీల్చుకుంటుంది. ప్రతి శనివారం దానికి మేం కొంచెం కొంచెంగా కాలవ తాగించాం.

ఇంటికి వెళ్ళేటప్పుడు రిక్షాలో కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. నీళ్ళని చెప్పాలి, కాలవని చెప్పకూడదు. ఆ కడగడం ఆయనకి ఎంత ఇష్టమో చూసినదాన్ని, ఆయన మనసు విరవడం నావల్ల కాదు. వానాకాలంలో నీరు దిగిందని చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను.

మళ్ళీ తాడేపల్లిగూడెం వెళ్ళాం. పుల్ల లాగి మేస్త్రీగారికి ఆ గులాబీ నురగ చూపించి, ఇది ఆయిలు రంగు కాదండీ, నీళ్ళు కలిశాయి అన్నాను. ఆయన వేళ్ళ మధ్య రుద్దారు, వాసన చూశారు. "అవునండోయ్. ఇన్ని నీళ్ళు ఎలా వెళ్ళేయండీ లోపలికి?" అన్నారు.

"వానలండీ. ఆ మధ్య రోడ్డు మీద నీళ్ళు నిలిచిపోయి..." అని నేను మొదలుపెట్టాను.

"వానేంటమ్మా," అని నాన్నగారు అడ్డొచ్చారు. బండి శుభ్రత మీద మాట పడుతుందేమోనని ఆయన భయం. "వాన బురద మా బండికి అంటనిస్తామా? ప్రతి శనివారం కాలవలో దింపి కడుగుతావండీ. పైపైన కాదు, పొట్ట దాకా మునగాల్సిందే. మీరు చూసేరు కదా, ఎక్కడైనా మట్టి ఉందా?"

మేస్త్రీగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నాన్నగారి ముఖంలో ఆ గర్వం కాసేపు అలాగే నిలబడి, మెల్లగా దిగిపోయింది. ఆయన వెళ్ళి పాత టైరు మీద కూర్చున్నారు. "అంటే నేనేనా" అన్నారు.

మేస్త్రీగారు పాపం, ఆయన్ని ఓదార్చాలనే అన్నారు. "పోనిద్దురూ. ఎలాగూ పీకేసేదేగా. జీపుది వేసేస్తే బెంగ ఉండదండీ. ఏ డ్రైవరైనా..."

"ఏ డ్రైవరో నడిపే బండి నాకెందుకండీ?" అన్నారు నాన్నగారు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "ఏ డ్రైవరైనా నడిపే బళ్ళు ఏలూరు నిండా ఉన్నాయి. క్లచ్చి లేని బండి కోసం కాకినాడ తిరిగేను, విశాఖపట్నం తిరిగేను. వేలంలో నా ఎదర ఇంకొకాయన పాడుతుంటే, మా అమ్మాయి సంగతి చెప్పి, ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టేనండీ. చవగ్గా ఏం రాలేదు. నేను చెడగొట్టేను, మీరు బాగుచెయ్యండి. అంతే."

నేను బండి అవతలి వైపుకి వెళ్ళిపోయాను. అక్కడ చూడాల్సినది ఏమీ లేదు. అయినా అక్కడే నిలబడి చాలాసేపు టైరుని చూశాను.

ఆ ఎర్ర ఆయిలు పెద్ద లారీల పవర్ స్టీరింగులో పోసేదేనని తేలింది. విజయవాడ నుంచి డబ్బాలు డబ్బాలు తెప్పించాం. అడుగు పళ్ళెం విప్పి, ఆయిలు వడకట్టే జాలీని డీజిల్లో కడిగి, కార్కు షీటుతో మేస్త్రీగారే స్వయంగా గాస్కెట్ కత్తిరించారు. పోశారు, కాసేపు తిప్పారు, తీశారు, మళ్ళీ పోశారు. ప్రతిసారీ రంగు కాస్త ఎరుపెక్కేది. "లోపల గేర్లని పట్టే బిళ్ళలు దెబ్బతిని ఉంటే మాత్రం ఎన్నిసార్లు మార్చినా లాభం లేదండీ, నడిపితేనే తెలుస్తుంది" అని ముందే చెప్పారు.

నడిపే రోజు వచ్చింది. నాన్నగారు ఎక్కనన్నారు. "నేనెక్కితే ఆగిపోతుందేమోనమ్మా, నువ్వే వెళ్ళు" అని షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. నేను కర్ర పక్కన పెట్టుకుని, ఇంజను ఆన్ చేసి, గేరులో పెట్టాను. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తరవాత బండి చిన్నగా ఊగి, ముందుకి కదిలింది. నేను వెళ్ళాల్సింది వీధి చివరిదాకానే. వీధి చివర ఆగడానికి నా కుడికాలు ఒప్పుకోలేదు. ఊరు దాటాను, పెంటపాడు దాటాను. రెండుపక్కలా చేలు. గేర్లు వాటంతటవే ఒకటి తరవాత ఒకటి పడుతున్నాయి. పాడటం రాదు గాని పాడాను. చాలా దూరం పోయాక, షెడ్డులో ఇద్దరు పెద్దమనుషులు నా కోసం నిలబడి ఉంటారని గుర్తొచ్చి, సిగ్గుపడి వెనక్కి తిప్పాను.

నాన్నగారు రోడ్డు మధ్యకి వచ్చేసి ఉన్నారు. ఎండకి తల మీద తువ్వాలు వేసుకున్నారు. తిడతారనుకున్నాను. కిటికీ దగ్గరికి వచ్చి, "ఎందాకా వెళ్ళేవమ్మా?" అని అడిగారు.

"పెంటపాడు దాటి చాలా దూరం వెళ్ళిపోయానండీ. మిమ్మల్ని మరిచిపోయాను."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశారు. తరవాత తలుపు మీద చేత్తో రెండుసార్లు తట్టి, "అయితే ఇంకోసారి వెళ్ళిరా. నాకేం తొందర లేదు" అని పక్కకి తప్పుకుని దారిచ్చారు.