ఇల్లు పంచని సీరియల్

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, గోడకున్న టీవీలో ఏదో సీరియల్ వస్తోంది. పట్టుచీర కట్టుకున్న కథానాయిక మెట్లు దిగుతూ, "ఏందత్తమ్మా, గట్ల చూస్తున్నవ్?" అంది. ఆ గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు. నేను మాత్రం దవడ నొప్పి కూడా మరిచిపోయి అటే చూస్తూ ఉండిపోయాను. ఒక కథానాయిక నోట ఆ యాస అంత మామూలుగా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో మన వయసు వాళ్లకే తెలుస్తుంది.

ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను ఒక కుటుంబ సీరియల్‌కు సహాయ రచయిత్రిని. పేరు పెద్దదే గాని చేసే పని చిన్నది, ఆ కథలోని పెద్దింటి పనిమనిషికి మన తెలంగాణ యాసలో మాటలు రాయడం. మిగతా అందరికీ రాసేది ప్రధాన రచయిత. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన పెద్దాయన. నల్లగొండ పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్న నాకు, కథ అల్లడమంటే ఏమిటో ఓపికగా నేర్పింది ఆయనే.

మొదటి ఏడాది ఆ సీరియల్ ఎంత బాగుండేదో! భర్త పోయిన తల్లి, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, ఒక్క ఇల్లు. రోజూ ఏదో ఒక మాట పట్టింపు. చివరికి ఆ తల్లే ఇద్దరినీ కూర్చోబెట్టి ఇల్లు పంచి ఇస్తుంది, ఆ తర్వాతే అన్నదమ్ములు మళ్లీ మనసు విప్పి మాట్లాడుకుంటారు. పెద్దాయన ఆ సన్నివేశాన్ని అన్నిటికంటే ముందే రాసి బీరువాలో దాచుకున్నారు. కథంతా దాని వైపే నడిచేది.

అయితే బయట రాష్ట్రం పంపకం మాట ఇంటింటా నలుగుతున్నప్పుడు, టీవీలో ఇల్లు పంచడమంటే ఛానల్ వాళ్లకు వణుకు పుట్టింది. పంచితే ఒకరికి కోపం, కలిపితే ఇంకొకరికి కోపం. పంచనూ వద్దు, కలపనూ వద్దు, అలా నడిపించండి అన్నారు. ఇక కథకు పోవడానికి చోటేది? పెద్దకొడుక్కి మతిమరుపు వచ్చింది. చిన్నకోడలికి కవల చెల్లెలు ఊడిపడింది. ఒక నగల పెట్టె పోయి నెలల తరబడి అందరూ దాన్నే వెతికారు. ఎటు పోతున్నామో మాకే తెలిసేది కాదు, పెద్దాయన తను రాసిన కాగితాలు తనే చదవలేక బోర్లించి పెట్టేవారు. మా అత్తమ్మ మాత్రం ఒక్క రోజూ మానకుండా చూసేది. ఒకనాడు ఉన్నట్టుండి, "మన లెక్క మాట్లాడేది గా బోళ్లు తోమేటామె ఒక్కతేనా?" అని అడిగింది.

మా ఆయన హయత్‌నగర్ డిపోలో కండక్టరు. అప్పుడు రాష్ట్రం కోసం సమ్మెలో ఉన్నారు. పొద్దున్నే ఆయన దీక్షా శిబిరానికి, నేను పెద్దాయన ఇంటికి. నీ భార్య ఎక్కడ పని చేస్తుందని శిబిరంలో ఎవరైనా అడుగుతారేమోనని ఆయనకు గుబులు. షూటింగ్‌లో నేను రాగానే నలుగురూ గొంతు తగ్గించుకుంటుంటే నాకు గుబులు. ఒకరోజు పెద్దాయన భార్య కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా అమ్మాయీ?" అని మెల్లగా అడిగింది. అలాంటిదేమీ ఉండదండీ అన్నాను గాని, ఆ మాట చెప్పడానికి నేనెవరినని ఇంటికి వచ్చేదాకా మథనపడ్డాను.

అలాంటి రోజుల్లోనే ఒక బంద్. మర్నాటి భాగం చేతిలో లేదు. ఎల్‌బీ నగర్ దాటాక షూటింగ్ కోసం కిరాయికి తీసుకున్న మేడకు నేను మీర్‌పేట్ నుంచి గల్లీల్లో పడి నడిచి వెళ్లాను. వచ్చిన నటులు ఇద్దరే, తల్లి వేషం ఆవిడ, పనిమనిషి వేషం అమ్మాయి. పెద్దాయన దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎండలో నడిచి వచ్చి గడప మీద కూలబడ్డారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయట, కుర్రాళ్లు ఆపి ఏ ఊరని అడిగారట.

"దిల్‌సుఖ్‌నగర్ అన్నాను. మంచినీళ్లిచ్చి పంపారు పాపం. ఇన్నేళ్లు ఉన్న ఊరి పేరు చెప్పడానికి నాకెందుకు నోరు తడబడిందో అర్థం కావట్లేదమ్మాయీ" అన్నారు. కలం నా వైపు జరిపి, "ఇద్దరే ఉన్నారు. ఇవాళ ఇద్దరికీ నువ్వే రాయి" అన్నారు.

వంటింటి గచ్చు మీద కూర్చుని రాశాను. తల్లి మొదటిసారి పనిమనిషిని తన పక్కన కూర్చోమంటుంది, కొడుకులు విడిపోతే ఎలాగని బెంగపడుతుంది. అప్పుడు పనిమనిషి చెబుతుంది: "పంచుకున్నంత మాత్రాన పగోళ్లమైతమా అమ్మా? మా యారాలు, నేను, ఒక్కింటి కోడండ్లం, ఇల్లు పంచుకున్నం, నడుమ గోడ పెట్టుకున్నం. గా గోడ మీదికెల్లే కూర గిన్నెలిచ్చుకుంటున్నం. ఒక్క పొయ్యి కాడ రోజూ కొట్లాడుకుంట తినుడు కంటె గదే నయం గదా."

పెద్దాయన రెండుసార్లు చదివారు. కొట్టేస్తారనుకున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు. అడుగున తన పేరు రాసి, "ఎవరైనా అడిగితే నేనే రాశానంటాను. నువ్వు మాట్లాడకు" అన్నారు.

వేరే భాగం లేదు కాబట్టి మర్నాడు అదే ప్రసారమైంది. ఆ మాటల దగ్గర అత్తమ్మ రిమోట్ తీసుకుని చప్పుడు పెంచింది. అయిపోయాక నా వైపు తిరిగి, "గిది నువ్వు రాసినవా?" అని అడిగింది. కాదు, పెద్దాయన రాశారన్నాను. సొంత ఇంట్లో, సొంత అత్తమ్మ దగ్గర కూడా నిజం చెప్పడానికి ధైర్యం చాలలేదు.

"గట్లనా. మన కష్టం గాయనకెట్ల ఎర్కైందో మరి" అని లేచి వెళ్లింది.

పొద్దున్నుంచే ఛానల్‌కు ఫోన్లు. విడిపొమ్మని చెబుతారా అని కొందరు, ఆ మాట పనిమనిషి చేతనే చెప్పిస్తారా అని కొందరు. వారం తిరక్కుండా పనిమనిషి 'ఊరికి వెళ్లిపోయింది' అనే ఒక్క మాటతో కథలోంచి మాయమైంది. ఆ పాత్ర వేసిన అమ్మాయి ఫోన్ చేసి, "నేనేం తప్పు జేసిన అక్కా?" అని ఏడ్చింది. పెద్దాయనను పిలిచి ఇక రావద్దన్నారు. నన్ను పిలిచి ఇక అందరికీ నువ్వే రాయి అన్నారు. ఆ భాగం రాసింది నేనని చెప్పడానికి నోరు తెరిచాను, మళ్లీ మూసుకున్నాను. సమ్మెతో జీతం ఆగిన ఇల్లు గుర్తొచ్చిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గాని, అసలు సంగతి భయం. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆ సీరియల్‌ను నేనే ఈడ్చాను. ఒక శుక్రవారం ఉన్నట్టుండి ముగించమన్నారు. అందరినీ హాల్లో నిలబెట్టి ఫొటో దింపించి శుభం వేశాం. ఇల్లు పంచనూ లేదు, కలపనూ లేదు.

రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు గుండె దిటవు చేసుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. తలుపు తాళం వేసి ఉంటుందేమోనని దారంతా బెదురే. ఆయన భార్యే తలుపు తీసి, ఎప్పటిలాగే కాఫీ పెట్టింది. మీ మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నానని చెప్పి తల దించుకున్నాను. "ఆ ఒక్క రోజైనా మన కథ దారిలో నడిచింది. ఇంకా ఆ బాధ ఎందుకమ్మాయీ" అన్నారాయన.

మనం భయపడినవేవీ జరగలేదు. వాళ్లు వెళ్లిపోలేదు, మేమూ ఎవరినీ పొమ్మనలేదు. ఇప్పుడు ఏ యాసలో రాసినా ఎవరూ ఫోన్ చేసి గద్దించరు, ఏ పాత్రా ఊరికి పారిపోనక్కర్లేదు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. కానీ నా మాట ఏ ఇంట్లో ఎవరికి ఎలా తగులుతుందోనని వణుకుతూ, ఆ వంటింటి గచ్చు మీద రాసినంత నిజంగా, ఆ తర్వాత ఒక్క మాటైనా రాశానా అంటే, రాయలేదు.