పది గంటల లెక్క

అలాస్కాలోని మా ఊరి బడిలో ఆ ఏడు పన్నెండో తరగతి గట్టెక్కింది ముగ్గురే. ఒకడు వెల్డింగ్ పని నేర్చుకోవడానికి ఆంకరేజ్ వెళ్లిపోయాడు, ఒకమ్మాయి నర్సు చదువుకు పోయింది. మిగిలింది జాలరి వసీలీ మనవరాలు అగాఫియా. తపాలా ఆఫీసు నుంచి కొట్టుదాకా నడిస్తే చాలు, నలుగురైనా ఆపి అడిగేవాళ్లు: "ఇప్పుడేం చేస్తావే?" బుద్ధి లేక నేనూ అడిగాను. "ఏమో, చూడాలి" అని నవ్వేసేది గానీ, ఇంటికెళ్లి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేదట. ఏమీ తోచకపోవడం తనకొక్కదానికే పట్టిన రోగమేమో అని భయపడేది పాపం.

ఆ ప్రశ్న తప్పించుకోవడానికే జూన్‌లో నది ఎగువన చేపల మంచె పనికి ఒప్పుకుంది. ఒడ్డున ఇనప గొట్టాలతో కట్టిన మంచె అది. తన వంతులో గంటకోసారి ఎక్కి, సరిగ్గా పది నిమిషాలు, కింద ఎదురీదుకుంటూ పోయే సాల్మన్ చేపలను లెక్కపెట్టాలి. చేతిలో నొక్కినప్పుడల్లా అంకె మారే చిన్న మీట ఉంటుంది. చేపకోసారి నొక్కాలి, గుంపు చిక్కబడితే పదింటికోసారి. ఆ అంకె పడవలన్నీ వినే రేడియోలో చెప్పాలి. గుడ్లు పెట్టడానికి చాలినన్ని చేపలు పైకి పోయాయని లెక్క తేలేదాకా, నది సముద్రంలో కలిసే మొగలో ఒక్క పడవా వల దించడానికి వీల్లేదు.

ఆ ఏడు చేప వేళకు రాలేదు. జూలై వచ్చినా రాలేదు. ఎనిమిది రోజులు అగాఫియా చెప్పిన అంకెలన్నీ రెండు, అయిదు, సున్నా. పడవలన్నీ రేవులోనే పడున్నాయి, వాటిలో వసీలీదీ ఉంది. ఎండుచేప నిండుకుంటే ఆ ఇంట్లో చలికాలం గడవదు.

"ఏమే, కళ్లజోడు తుడుచుకున్నావా?" అంటూ రేడియోలో మేనమామ ఎవోన్ ఎగతాళి చేశాడు. "ఒకటి కనిపిస్తే పది నొక్కెయ్యి, ఎవడొచ్చి చూస్తాడు?"

"నోర్ముయ్‌రా" అన్నాడు వసీలీ. "దాని పని దాన్ని చేసుకోనీ."

అగాఫియా బెంగ వేరు. వేల ఏళ్లుగా వచ్చే చేపకే దారి తప్పితే, ఇక తనలాంటిదానికి దారేముంటుందనుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున పది గంటలకు మంచె ఎక్కింది. ఒడ్డు పక్క నీళ్లు నల్లబడి ఉన్నాయి. మబ్బు నీడేమోనని తలెత్తి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. మళ్లీ కిందికి చూసింది. అమ్మో! అన్నీ చేపలే! ఒకదాని తోకకు ఒకటి ముక్కు ఆనించినట్టు, ఏటి అడుగున గులకరాళ్లు కూడా కనబడనంత చిక్కగా వస్తూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగదు, ఒక్కటీ పక్కకు తిరగదు. ఎన్నేళ్ల కిందటో వేలెడంత పిల్లలుగా ఈ నీళ్లు దాటిపోయి, మహాసముద్రమంతా తిరిగి, ఎవరూ పిలవకుండా, ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించకుండా, పుట్టిన ఏరు వెతుక్కుంటూ వచ్చేశాయి. చేప తిని పెరిగిన పిల్లే అగాఫియా. వలలో చూసింది, కత్తి కింద చూసింది. ఇలా ఏనాడూ చూడలేదు. మీట మాటే మరిచి, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

చేతి గడియారం కూసింది. పది నిమిషాలూ అయిపోయాయి. మీట మీద అంకె మూడు.

మొగలో నూరు పడవలు ఆ అంకె కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాయి. నోటికొచ్చిన అంకె చెప్పినా కాదనేవాడు లేడు. అగాఫియా రేడియో అందుకుంది.

"పది గంటల లెక్క లేదు. చేపలొచ్చాయి. బోలెడొచ్చాయి. నేను చూస్తూ ఉండిపోయాను. నొక్కలేదు."

"బుద్ధుందా నీకు!" ఎవోన్ అరిచాడు. "ఇంకో గంట ఆగి నువ్వు లెక్క చెప్పేసరికి పోటు పోతుందే! సాయంత్రందాకా ఇక్కడ గోళ్లు గిల్లుకుంటూ కూచోవాలి!"

అతని కోపంలో తప్పు లేదు. నా పడవలో కూర్చుని వింటున్న నాకూ ఒళ్లు మండింది. అంతలో రేడియోలో వసీలీ గొంతు వినబడింది.

"ఎలా ఉందే?"

"ఏంటి తాతా?"

"పైనించి చూస్తే. ఎలా ఉంది?"

అగాఫియా చెప్పడం మొదలుపెట్టింది. బడిలో నలుగురి ముందు నోరు పెగలని పిల్ల, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నూరు పడవల్లో ఒక్కడూ అడ్డు మాట్లాడలేదు. ఎవోన్ కూడా.

పదకొండింటికి సరిగ్గా లెక్కపెట్టింది. మూడు వేల నాలుగు వందల పది. వల దించే అనుమతి వచ్చేసరికి పోటు కాస్తా పోయింది. సాయంత్రందాకా ఊరికే ఎందుకు కూర్చోవాలని వసీలీ చిన్న పడవ వేసుకుని ఎగువకు వచ్చాడు. డెబ్బై ఒకటో ఏడు, రెండు మోకాళ్లూ పాడు. మెట్టు మెట్టుకూ ఆగుతూ, తిట్టుకుంటూ మంచె ఎక్కాడు. కిందికి చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ వీటిని తినే బతికానే" అన్నాడు. "ఒక్కసారీ చూళ్లేదు."

"తాతా, ఇవి దారెలా కనుక్కుంటాయి?"

"నాకేం తెలుసే. మా తాతకీ తెలీదు."

"నాకు తెలుసుకోవాలనుంది. అదే చదువుకుంటా. ఎన్నేళ్లయినా సరే." అనేశాక తన మాటకు తనే హడలిపోయింది. ఏడుపొచ్చేసింది.

వసీలీ నీళ్ల మీంచి చూపు తిప్పలేదు. "చదువుకుందువుగానిలే. ముందు గడియారం చూసుకో, మూడయింది. ఈసారి నొక్కకపోయావో, నేనూరుకోను."

అగాఫియా కళ్లు తుడుచుకుని మీట నొక్కడం మొదలుపెట్టింది.