ఉప్పుబావి పాట

పండగ స్టేజీ మీద సంతోషి ఆ పాట ఎత్తుకోగానే మైకు మూగబోయింది. కరెంటు పోలేదు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. వైరు పీకించింది కమిటీ పెద్ద నారాయణరావు. ఆయన రొయ్యల చెరువుల వల్ల సంతోషి వాళ్ల పేటలో తాగే బావి ఉప్పగా మారిందన్నదే ఆ పాట.

"పండగపూట ఏటా కేకలు? దిగండి!" అన్నాడాయన.

సంతోషి చేపలమ్మే పైడమ్మ కూతురు. ఆమె గొంతు, బావ చిరంజీవి గిటారు, సోములు డ్రమ్స్. అదే వాళ్ల రాక్ బ్యాండు. పలాసలో క్యాసెట్ల షాపువాడు వాళ్ల సీడీ విని, "ఇది పాటా, గొడవా?" అని తిప్పి పంపేశాడు.

ఆ కోపంతోనే సంతోషి కాశీబుగ్గలో నెట్ సెంటర్ నడిపే కామాక్షి దగ్గరికి వెళ్లింది.

"డబ్బులొద్దక్కా. ఎవడో ఒకడు ఇనాల."

"పాటలు పంచుకునే సైటొకటుంది. ఎవులైనా ఊరికే డౌన్‌లోడ్ సేసుకోవచ్చు," అంది కామాక్షి. మధ్యలో కరెంటు పోయి పని మళ్లీ మొదటికొచ్చింది. సాయంత్రానికి పాట సైట్లోకి ఎక్కింది.

కొన్ని వారాలకు కామాక్షి కబురు పెట్టింది. విశాఖ ఇంజనీరింగ్ కుర్రాళ్లు ఆ పాట ఒకరికొకరు పంపుకుంటున్నారు. మా ఊళ్లోనూ నీళ్లు ఇలాగే పోయాయని నెల్లూరు వైపు నుంచి ఒకతను రాశాడు. తెలుగు రాని కటక్ కుర్రాడు, మాటలు తెలియకపోయినా ఆ గొంతులోని తిట్టు అర్థమైందన్నాడు.

సంతోషి మురిసిపోలేదు. ఒళ్లు మండిపోయింది.

"నెల్లూరోడికి ఇనబడింది. పక్కనున్న ఈ చెరువులోల్లకి ఇనబడదేటక్కా?"

విశాఖ కుర్రాళ్లు తమ కాలేజీకి పిలిపించి పాడించారు. ఆమె నోరు తెరవకముందే హాలంతా పల్లవి అందుకుంది. పేపర్లో ఫొటో పడింది. మరుసటి పండక్కి నారాయణరావు కొడుకు మోహన్ కారేసుకుని పేటకొచ్చాడు.

"పేరొచ్చింది కదా నీకు. మా స్టేజీ మీద పాడు. ఆ ఒక్క పాట వదిలీ."

"మీ నాన్నగార్ని రమ్మను బాబూ. ఆ బావినీళ్లు గ్లాసుడు తాగమను. అప్పుడొదిలేత్తాను."

"ఏటా పొగరు?"

"పొగరేటి? కోపం!"

పండగనాడే సముద్రపొడ్డున జనరేటరు పెట్టి పాడారు. పాట డౌన్‌లోడ్ చేసుకున్న టెక్కలి, ఇచ్ఛాపురం కుర్రాళ్లు సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరు రైలు దిగి, ఆటోలు పట్టుకుని వచ్చారు. స్టేజీ దగ్గరి జనం కూడా సగం మంది ఇటే వచ్చేశారు. చెరువుల మోటార్లు ఆ రోజూ తిరుగుతూనే ఉన్నాయి. సంతోషి జనం వైపు కాకుండా అటు తిరిగి పాడింది.

"గొంతు పోద్దే, ఆపీయే," అని తల్లి కేకేసింది.

"పోనీయే అమ్మా!" అని సంతోషి మళ్లీ అందుకుంది.